చాదస్తం నుంచి వర్ణపటం దాకా: వయోజనుల ఆటిజం నిర్ధారణ, తెలుగు మాటల చరిత్ర

ఆటిజం అన్న మాట తెలుగు పత్రికల్లో కనిపించినప్పుడల్లా దాని పక్కన ఒక పిల్లవాడి బొమ్మ ఉంటుంది. ఆ పిల్లవాడు కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంటాడు, లేదా రంగు దిమ్మెలను వరుసగా పేరుస్తూ ఉంటాడు. కింద తల్లిదండ్రులకు సూచనలుంటాయి. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడవుతాడనీ, చదువుకుంటాడనీ, పెళ్ళి చేసుకుంటాడనీ, చిన్ననాట ఎవరూ గుర్తించకపోవడం వల్ల నలభై ఏళ్ళు దాటాక తన స్థితికి ఒక పేరుందని తెలుసుకుంటాడనీ ఊహించిన రచన తెలుగులో అరుదు. ఈ అరుదుతనానికి వైద్యపరమైన కారణాలున్నాయి, చట్టపరమైన కారణాలున్నాయి. వాటితో సమానంగా భాషాపరమైన కారణాలూ ఉన్నాయని, వాటిని పరిశీలించవలసిన బాధ్యత తెలుగు శాఖలదేనని ఈ వ్యాసం భావిస్తుంది.

పరిశోధన వ్యాసంలో రాసేవారు తమ సంగతి చెప్పుకోవడం మన సంప్రదాయం కాదు. అయితే ఈ విషయంలో చెప్పకపోవడం దాచడమే అవుతుంది. నేను తెలుగు బోధించే అధ్యాపకురాలిని. తెల్లాపూర్‌లో ఉంటాను. నాకు 43వ ఏట ఆటిజం నిర్ధారణ అయింది. అంతకు ముందటి ఏడాది మా అబ్బాయికి అయింది. వాడి కోసం ఇచ్చిన ప్రశ్నపత్రం నింపుతూ సగంలో ఆగిపోయాను. రాస్తున్న జవాబులు వాడివో నావో తేల్చుకోలేకపోయాను. పెద్దవారిలో చాలామందికి ఈ నిర్ధారణ ఇలాగే, సంతానం గుండా, వెనక్కి నడిచి వస్తుంది.

పెద్దవారిని పరీక్షించేటప్పుడు వైద్యులు బాల్యం గురించి అడుగుతారు. పుట్టుకతో వచ్చే స్థితి కనుక బాల్యంలో దాని ఆనవాళ్ళుండాలి. వాటిని చెప్పగలిగింది తల్లి. మా అమ్మ ఫోనులో అరగంట మాట్లాడింది. నోట్లో నాలుక లేని పిల్ల అన్నది. కూర్చోబెట్టిన చోటే కూర్చునేదన్నది. పట్టులంగా గీరుకుంటోందని ఏడ్చి పీకి పారేసేదని, అంత పెంకితనం ఎవరి దగ్గర నేర్చిందో తెలియదని అన్నది. పెళ్ళిళ్ళకు తీసుకెళితే బాజాలు మొదలవగానే సామాను గదిలో బియ్యం బస్తాల మధ్య దూరేదని, ముహూర్తం వేళకు వెదకవలసి వచ్చేదని నవ్వింది. అమ్మ వాడిన ప్రతి మాటా మెచ్చుకోలో, ఫిర్యాదో. వైద్యుడు తన కాగితం మీద ఇంగ్లీషులో రాసుకున్న మాటల్లో మెచ్చుకోలూ లేదు, ఫిర్యాదూ లేదు. ఆ రెండు మాటల పట్టికల మధ్య దూరమే ఈ వ్యాసానికి పుట్టుక.

పాత పేర్లు

తెలుగులో ఈ స్థితికి పేరు లేదనడం సరికాదు. పేర్లు అవసరానికి మించే ఉన్నాయి. ముభావి, ముంగి, పరధ్యానపు మనిషి, లోకజ్ఞానం లేనివాడు, లౌక్యం తెలియనివాడు, తిక్క మనిషి, వెర్రిబాగులవాడు, చాదస్తపు మనిషి. వీటిలో ఏదీ ఆటిజానికి పర్యాయపదం కాదు. ఆటిజం ఉన్న మనిషి తెలుగు ఊళ్ళో పుట్టి పెరిగితే వీటిలో ఏదో ఒకటి తగలకుండా మాత్రం ఉండదు.

వీటన్నిటిలో చాదస్తం అన్న మాట ప్రత్యేకంగా గమనించదగినది. ఛందస్సు అంటే వేదం. వేదాధ్యయనం చేసినవాడు ఛాందసుడు. అక్షరం తప్పకుండా వల్లించగలడు గానీ అంగడికి పోయి బేరమాడలేడన్న అర్థం ఆ మాటకు తరువాత చేరింది. ఛాందసం వాడుకలో చాదస్తమైంది. నియమం పట్ల విపరీతమైన నిష్ఠ, లోకవ్యవహారంలో తడబాటు అనే రెండు లక్షణాలు ఒకే మనిషిలో జంటగా ఉంటాయన్న పరిశీలన ఆ మాటలో ఇమిడి ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం అయిదవ కూర్పు ఆటిజాన్ని రెండు శీర్షికల కింద నిర్వచించింది. ఒకటి, సామాజిక సంభాషణలో ఇబ్బంది. రెండవది, పరిమితమైన ఆసక్తులు, మార్పును సహించలేకపోవడం, పునరావృతమయ్యే ప్రవర్తన, ఇంద్రియ సంవేదనలో హెచ్చుతగ్గులు. ఈ రెంటినీ ఒక మనిషిలో కలిపి చూసిన లోకం చూపు తెలుగులో అంతకు చాలా ముందే ఉందని చెప్పవచ్చు. అంతకు మించి చెప్పకూడదు. చాదస్తం ఉన్నవారందరికీ ఆటిజం ఉందంటే మన తెలుగు శాఖల్లో వ్యాకరణం బోధించేవారిలో సగం మంది ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తుంది.

పరమానందయ్య శిష్యుల కథల్లో శిష్యులు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. మాట వెనుక ఉద్దేశం వారికి అందదు. ఆ కథలకు తరతరాలుగా నవ్వుకున్నాం. ఆ శిష్యులకు నేటి రోగనిర్ధారణ అంటగట్టడం చారిత్రక దోషం. కాని మాటకూ ఉద్దేశానికీ మధ్య ఉన్న సందులో పడిపోయే మనుషులు ఉంటారని ఆ కథలు చెప్పుకున్న సమాజానికి తెలుసు. గురువు వారిని వెళ్ళగొట్టడు. ఇంట్లోనే ఉంచుకుని తిట్టుకుంటూ అన్నం పెడతాడు. పాత పేర్ల స్వభావం కూడా ఇదే. అవి అవమానిస్తాయి, అదే సమయంలో ఒక చోటు చూపిస్తాయి. 'ఆయనకు కాస్త చాదస్తంలే' అన్న వాక్యంలోని 'లే' అన్న ప్రత్యయం ఒక రాయితీ.

అయితే ఈ రాయితీ అందరికీ దక్కలేదు. పాత లోకాన్ని మెచ్చుకునే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి. చాదస్తం అనిపించుకోవడానికి చదువు, కులం, తీరుబడి కావాలి. అవే లక్షణాలు పాలేరులో కనిపిస్తే అతడు వెర్రిబాగులోడు. రెట్టింపు పని చేయించుకుని సగం కూలి ఇచ్చినా అడగలేనివాడు. ఆడపిల్లలో కనిపిస్తే అణకువ. నోట్లో నాలుక లేకపోవడం పెళ్ళిసంబంధాల్లో యోగ్యతాపత్రం. ఆ పిల్ల మాట్లాడకపోవడానికి కారణం వినయమా, మాటలు అందకపోవడమా అని ఎవరూ ఆరా తీయలేదు, తీసే అవసరమూ ఎవరికీ రాలేదు. అదే పిల్ల పట్టుచీర కట్టుకోలేనని మొండికేస్తే, పదిమందిలో చెవులు మూసుకుంటే, అణకువ పోయి పెంకితనం వచ్చేది. నాకు ఈ రెండు పేర్లూ ఉండేవి. ఏ రోజు ఏది వర్తిస్తుందో ఇంట్లో చుట్టాలున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉండేది.

ఈ పేర్లలో ఏదీ సరిపోనంతగా మనిషి తేడాగా ఉంటే మిగిలింది ఊరి పేరు. తెలంగాణలో ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో చినవాల్తేరు. మానసిక వైద్యశాలలున్న ఊళ్ళ పేర్లే తిట్లయిన భాష మనది. ఈ నేపథ్యంలో ఎవరైనా పెద్దవారు తనంతట తాను వెళ్ళి మనోవైద్యుణ్ణి కలవడం మొన్నమొన్నటి దాకా ఊహకు అందని పని.

శిశువుకు అంటుకున్న మాట

'ఆటిజం' మొదట పిల్లల మాట కాదు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా ఉన్న పెద్దవారి గురించి రాసిన 1911 నాటి గ్రంథంలో, వారు బయటి లోకాన్ని విడిచి తమలోకి తాము వెళ్ళిపోవడాన్ని సూచించడానికి దాన్ని వాడాడు. గ్రీకులో 'ఆటోస్' అంటే తాను. 1920లలో మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలుర గురించి రాసిన వ్యాసం నేటి నిర్వచనానికి ఆశ్చర్యకరమైనంత దగ్గరగా ఉన్నా చాలాకాలం మరుగునపడింది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించాడు. 1944లో వియెన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ తన వ్యాసం ప్రచురించాడు. నాజీ పాలనలో వికలాంగ శిశువులను చంపిన వ్యవస్థకు ఆస్పెర్గర్ సహకరించాడని 2018లో చరిత్రకారుల పరిశోధనలు వెల్లడించాక ఆయన పేరును తమ స్థితికి వాడుకోవడం చాలామంది మానుకున్నారు.

కానర్ వ్యాసంతో ఈ మాట శిశువుకు అంటుకుపోయింది. 1980 నాటి డీఎస్ఎం మూడవ కూర్పులో దాని అధికారిక నామమే శైశవ ఆటిజం. పేరులోనే వయసు ఉంటే పెద్దవారిని వెదకవలసిన అవసరం ఎవరికి తోస్తుంది? నిజానికి కానర్ వర్ణించిన మొదటి పిల్లవాడు, మిసిసిపీ రాష్ట్రానికి చెందిన డొనాల్డ్ ట్రిప్లెట్, తన ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేస్తూ 89 ఏళ్ళు జీవించి 2023లో మరణించాడు. ఆయన ఊరు ఆయనను అలాగే ఉండనిచ్చింది. 1971లో కానర్ స్వయంగా ఆ 11 మంది ఏమయ్యారో ఆరా తీసి రాశాడు. అయినా పెద్దవారి ఆటిజం ఒక ప్రత్యేక విషయంగా నిలదొక్కుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ మధ్యకాలంలో జరిగిన ఒక పొరపాటు తెలుగు సాహిత్య విద్యార్థులకు ఆసక్తికరమైనది. 1940ల నుంచి 1960ల దాకా పాశ్చాత్య మనోవైద్యంలో ఫ్రాయిడ్ ప్రభావం బలంగా ఉండేది. ఆటిజానికి కారణం తల్లి ప్రేమలో లోపమని నమ్మేవారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదాన్ని ఒక పెద్ద గ్రంథంగా రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న బాలుడి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ దాన్ని ఖండించి, కారణం నాడీవ్యవస్థలో ఉందని వాదించినా లోకం వెంటనే వినలేదు. సరిగ్గా అదే 1940లలో తెలుగులో మనోవైజ్ఞానిక నవల రూపుదిద్దుకుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి మనుషులతో కలవలేకపోవడం వెనుక తల్లి గురించి లోకం చెప్పుకున్న మాటల నీడ ఉంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనానికి మూలం తండ్రికి ఇచ్చిన మాటలోనూ, అహంలోనూ ఉంది. ఈ పాత్రలకు ఆటిజం ఉందని నా వాదన కాదు. ఆ నవలలు మనిషి ఒంటరితనాన్ని అర్థం చేసుకోవడానికి మనకొక పద్ధతి నేర్పాయి. మనిషి ముడుచుకుపోతే గతంలో గాయం వెదకాలి, ఆ గాయం తల్లిదండ్రుల దగ్గర దొరుకుతుందన్నదే ఆ పద్ధతి. తెలుగు పాఠకుడు రెండు మూడు తరాలుగా ఆ పద్ధతిలోనే మనుషులను చదివాడు. గాయం ఏదీ లేకుండానే, పుట్టుకతోనే, లోకాన్ని మరో విధంగా అందుకునే మనిషి ఉండవచ్చునన్న ఆలోచనకు మన నవలలో చోటు దొరకలేదు. నేనూ ఇరవై ఏళ్ళు ఆ నవలలను పాఠం చెప్పాను. నా బాల్యంలో గాయం కోసం శ్రద్ధగా వెదికాను. దొరకలేదు. దొరకకపోవడం కూడా నా లోపమే అనుకున్నాను.

1979లో లోర్నా వింగ్, జుడిత్ గూల్డ్‌లు లండన్‌లోని కాంబర్‌వెల్‌లో చేసిన అధ్యయనం, 1981లో వింగ్ రాసిన వ్యాసం దారి మార్చాయి. ఆటిజం ఉందా లేదా అన్న ప్రశ్న స్థానంలో అనేక ఛాయలున్న వర్ణపటం అన్న భావన వచ్చింది. 2013 నాటి డీఎస్ఎం మరో మెట్టు ఎక్కింది. లక్షణాలు బాల్యంలోనే మొదలైనా, సామాజిక అవసరాలు మనిషి శక్తిని మించే దాకా పూర్తిగా బయటపడకపోవచ్చుననీ, నేర్చుకున్న ఉపాయాల వెనుక దాగి ఉండవచ్చుననీ అంగీకరించింది. నలభై దాటినవారికి తలుపు తెరిచింది ఈ ఒక్క నియమమే.

భారతీయ భాషల్లో దీనికి పరిభాషగా స్థిరపడుతున్న మాట 'స్వలీనత'. తనలో తాను లీనం కావడం. అనువాదంగా ఇది నిర్దుష్టం, బ్లాయిలర్ మాటకు అచ్చమైన ప్రతిబింబం. ఇబ్బంది అక్కడే ఉంది. స్కిజోఫ్రీనియా గురించి 1911లో ఒకరు పైనుంచి చూసి చేసిన ఊహను ఈ మాట సంస్కృతంలో భద్రపరిచింది. పైగా తెలుగులో లీనం కావడం యోగపు మాట, తన్మయత్వపు మాట. మిక్సీ శబ్దానికి వంటింట్లోంచి పరుగెత్తే మనిషి తనలో తాను లీనం కాలేదు. బయటి లోకం భరించలేనంతగా లోపలికి వచ్చిపడింది. మా అమ్మకు ఈ నిర్ధారణ సంగతి చెప్పినప్పుడు ఆమె దాన్ని 'అతిజం' అని విన్నది. అతి అంటే ఎక్కువనేగా, నీకు చిన్నప్పటినుంచీ అన్నీ ఎక్కువే, గాజుల చప్పుడు కూడా ఎక్కువే అన్నది. జానపద నిరుక్తులను శాస్త్రం అంగీకరించదు. అయినా స్వలీనత కంటే అతిజమే విషయానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

బుద్ధి చుట్టూ కట్టిన చట్రం

హైదరాబాదుకు ఈ చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1984లో కేంద్రప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను సికింద్రాబాదులో, నేటి మనోవికాస్ నగర్‌లో, నెలకొల్పింది. దేశంలో ఆటిజాన్ని కొలవడానికి అధికారికంగా వాడుతున్న కొలమానం, ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం, అక్కడే తయారై 2009లో విడుదలైంది. 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు గుణాలు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేనట్టు. ధ్రువపత్రానికి ఈ సంఖ్యే ఆధారం.

ఈ కొలమానం బుద్ధిమాంద్యం కోసం ఏర్పడిన సంస్థలో పుట్టడం యాదృచ్ఛికం కాదు. మన చట్టాలూ ఆ చట్రంలోనే నడిచాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. అయితే మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలతో కలిపి, ప్రధానంగా సంరక్షకుల దృష్టినుంచి పిలిచింది. తల్లిదండ్రుల తరువాత ఈ బిడ్డను ఎవరు చూస్తారన్నది ఆ చట్టం వెనుక ఉన్న ప్రశ్న. ఎంతో న్యాయమైన ప్రశ్న. కాని తానే తల్లి అయిన ఆటిజం మనిషి ఆ ప్రశ్నలో ఎక్కడా ఇమడదు. 2011 జనగణనలో వైకల్యాల పట్టికలో ఆటిజానికి ప్రత్యేకమైన గడి లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించి, వాటిలో ఆటిజాన్ని స్వతంత్రంగా చేర్చి, ఉద్యోగాల రిజర్వేషన్‌లోకి తెచ్చాక గానీ పెద్దవారి ప్రసక్తి చట్టపరంగా మొదలు కాలేదు.

పోలిక కోసం ఒక సంగతి. మన కొలమానం విడుదలైన అదే 2009లో బ్రిటన్ పార్లమెంటు ఆటిజం చట్టం చేసింది. దాని ప్రధాన విషయం ఇంగ్లండులోని పెద్దవారు. 2011లో అక్కడ ప్రచురితమైన ఒక సర్వే వయోజనుల్లో ప్రతి వెయ్యిమందిలో సుమారు 10 మందికి ఆటిజం ఉందని, వారు గుర్తింపు లేకుండానే బతుకుతున్నారని తేల్చింది. మన దేశంలో అయిదు ప్రాంతాల్లో నాడీవికాస సమస్యలపై జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో హైదరాబాదు కూడా ఒక కేంద్రం. అది లెక్కించింది 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను.

భాషకు తిరిగి వస్తే, ఈ చట్రమంతా 'బుద్ధి' అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఒక కొస బుద్ధిమాంద్యం, మరో కొస బుద్ధిమంతుడు. పదవ తరగతిలో మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు మాంద్యం వైపు పోడు కనుక బుద్ధిమంతుడే. ఒకే కూర, ఒకే కంచం, ఒకే కిటికీ సీటు కావాలని పట్టుబట్టడం బుద్ధిమంతుల లక్షణాల్లో కలిసిపోయింది. ఇంటర్మీడియట్ వసతి కళాశాలలు వచ్చాక ఇటువంటి పిల్లలకు ఇంకా మంచి దాపు దొరికింది. ఉదయం నుంచి రాత్రి దాకా గంటల పట్టిక, కంఠతా పట్టవలసిన సూత్రాలు, స్నేహానికి సమయం లేకపోవడం తప్పు కాదు సరికదా క్రమశిక్షణ. ఆ కళాశాలలను తప్పుపట్టే కారణాలు అనేకం ఉన్నాయి. అక్కడ ఎంతోమంది నలిగిపోయారు. అయినా మాట్లాడవలసిన అవసరం లేకుండా గెలవగలిగిన చోటు కొందరికి జీవితంలో అదొక్కటే.

తెల్లాపూర్‌కు రెండు వైపులా

తెల్లాపూర్ ఉమ్మడి మెదక్ జిల్లాలో వ్యవసాయ గ్రామం. 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, 2018లో పురపాలక సంఘమైంది. ఊరికి ఒక వైపు కొద్ది కిలోమీటర్ల దూరంలో రామచంద్రాపురం, అక్కడ 1960లలో వచ్చిన భెల్ కర్మాగారం. మరో వైపు నల్లగండ్ల దాటితే గచ్చిబౌలి, ఆపైన 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌తో మొదలైన ఐటీ దారి. నా ఉద్దేశంలో ఈ రెండు వైపులూ రెండు ఉద్యోగ సంస్కృతులు. పెద్దవారి ఆటిజం చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ ఊరి మధ్య నిలబడి రెండు వైపులా చూడడం మేలు.

ప్రభుత్వరంగ కర్మాగారంలో పనివేళలు సైరన్ చెప్పేది. పదోన్నతి సీనియారిటీని బట్టి వచ్చేది. క్వార్టర్లన్నీ ఒకే నమూనా. నలభై ఏళ్ళు ఒకే బల్ల, ఒకే డ్రాయింగు, ఒకే టిఫిన్ డబ్బాతో గడిపిన ఇంజనీరుకు మాట తీరు సరిగా లేకపోతే వచ్చే నష్టం తక్కువ. 'ఆయనకు చాదస్తంలే' అని తోటివారు సర్దుకునేవారు. ఆయన భార్య ఎంత సర్దుకున్నదో చరిత్రలో నమోదు కాలేదు.

ఐటీ దారి కూడా మొదట ఇటువంటివారికి అనుకూలమైనదే అనిపించింది. యంత్రంతో మాట్లాడే పని. యంత్రం మొహమాటపడదు, ఒకటి అని మరొకటి ఉద్దేశించదు. సిలికాన్ వ్యాలీలో ఆటిజం గురించి 2001లోనే అమెరికన్ పాత్రికేయుడు స్టీవ్ సిల్బర్‌మన్ రాశాడు. 2004లో డెన్మార్క్‌లో థోర్కిల్ సోనె ఆటిజం ఉన్నవారితో సాఫ్ట్‌వేర్ పరీక్షల సంస్థ పెట్టాడు. 2013లో జర్మన్ సంస్థ శాప్ ఆటిజం ఉన్నవారికి ఉద్యోగాల కార్యక్రమం ప్రకటించినప్పుడు దాని తొలి అనుభవాల్లో బెంగళూరులోని ఆరుగురి నియామకం ఒకటి. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. కాని వీటి నుంచి ఆటిజం అంటే కంప్యూటరు మేధావి అన్న కొత్త మూస కూడా పుట్టింది. కిటికీ పక్కన పిల్లవాడి బొమ్మకు ఇది జత. ఆ మూసలో కిరాణా కొట్టు నడిపేవారూ, నర్సులూ, తెలుగు అధ్యాపకురాళ్ళూ లేరు.

అసలు మార్పు పనిలో కాదు, పని చుట్టూ వచ్చింది. గదులు పోయి తలుపుల్లేని హాళ్ళు వచ్చాయి. కూర్చునే చోటు రోజుకొకటి అయింది. ఏడాదికోసారి అప్రైజల్, దానిలో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అన్న గడి. అర్ధరాత్రి విదేశీ క్లయింటుతో కాల్, ఉదయం జట్టు సమావేశం, శుక్రవారం సరదా. లౌక్యం అన్నది వ్యక్తి ఐచ్ఛికంగా నేర్చుకునే నేర్పు కాక ఉద్యోగ అర్హత అయింది. ఇక్కడ చాదస్తానికి రాయితీ లేదు. చాదస్తపు ఇంజనీరు అంతకుముందూ ఉన్నాడు. ఆయనకు పేరు లేకపోయినా చోటుండేది. ఇప్పుడు చోటు పోయింది, పేరు వచ్చింది. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికమని నేననుకోను. 2020లో కార్యాలయాలు మూతపడి అందరూ ఇళ్ళనుంచి పనిచేసినప్పుడు మా చుట్టుపక్కల కొందరికి మొదటిసారి తలనొప్పి లేని సాయంత్రాలు వచ్చాయి. తిరిగి రమ్మని పిలుపు వచ్చినప్పుడు వారిలో ఒకరిద్దరు మనోవైద్యుల దగ్గరకు వెళ్ళారు.

నిర్ధారణ తరువాత

నిర్ధారణ వల్ల ఏం మారుతుందని అడుగుతారు. మందు లేదు, చికిత్స లేదు. మారేది గతం. ఒక శాసనంలోని ఒక్క అక్షరం సరిగా చదవగానే అంతకుముందు చదివిన పంక్తులన్నీ మళ్ళీ చదవవలసి వచ్చినట్టు, ప్రతి పాత సంఘటననూ మళ్ళీ చదవాలి. స్నేహితురాలి ఇంటి నుంచి చెప్పకుండా వచ్చేసిన రోజు, పెళ్ళిచూపుల్లో అడగని ప్రశ్నకు ఇచ్చిన సుదీర్ఘమైన జవాబు, సన్మానసభలో చప్పట్ల మధ్య బయటికి నడిచిన సంఘటన. వాటిలో కొన్నింటికి క్షమాపణ చెప్పవలసినవారు ఇప్పుడు లేరు. కొన్నింటికి నాకే ఎవరైనా చెప్పాలి.

ఈ జీవితంలో తెలుగు భాష ఒక ప్రత్యేకమైన కష్టం, ప్రత్యేకమైన సాయం కూడా. 'మనం', 'మేము' అన్న భేదం ఇంగ్లీషులో లేదు. మనకు ప్రతి వాక్యానికీ ముందు ఎదుటివారు మన జట్టులో ఉన్నారో లేదో తేల్చుకోవాలి. 'మనం ఆ నివేదిక పూర్తిచేయాలి' అని శాఖాధిపతి అన్నప్పుడు ఆ మనంలో ఆయన లేడని, నేనొక్కదాన్నే ఉన్నానని తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. 'చూద్దాం' అంటే కాదని. 'వీలు చూసుకుని రండి' అంటే రావద్దని కాదు గానీ, వీలు చూసుకుని నిజంగా వెళ్ళకూడదని. 'భోంచేశారా' అన్నది ప్రశ్న కాదని. వీటిని నేను వ్యాకరణ సూత్రాల్లాగా రాసుకుని నేర్చుకున్నాను, అపవాదాలతో సహా. బహుశా అందుకే తెలుగు అధ్యాపకురాలినయ్యాను. మరోవైపు 'మీరు' అన్న మాట నాకు రక్ష. దగ్గరితనం ఎంత ఉండాలో తేల్చుకోలేని మనిషికి అందరినీ మీరు అనే వీలు ఒక గౌరవప్రదమైన దాపు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని కూడా మీరు అంటానని ఇరుగుపొరుగు వింతగా చెప్పుకుంటారు.

ఇటువంటి నేర్పును పరిశోధకులు మభ్యపరచడం, ముసుగు అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటలతో పిలుస్తున్నారు. ఆ మాటల్లో మోసం ధ్వనిస్తుంది. తెలుగులో దీనికి పగటివేషం అన్న మాట వాడాలని నా సూచన. పగటివేషగాడికి రంగస్థలం లేదు, తెర లేదు. పట్టపగలు ఊరి మధ్య, అందరికీ వేషమని తెలిసినా నమ్మేటంత నిక్కచ్చిగా ఆడాలి. అది కళ, కాయకష్టం కూడా. సాయంత్రం రంగు కడుక్కునే వీలు ఆయనకుంది. నా బోటివారికి నిర్ధారణ ఇచ్చింది ఆ నీళ్ళ చెంబు మాత్రమే. ఇంటికి రాగానే దీపాలు తగ్గించి గంటసేపు ఎవరితోనూ మాట్లాడనని చెప్పుకునే హక్కు. మా ఇంట్లో ఆ గంటను 'అమ్మ గంట' అంటారు. మా అబ్బాయికి ఒకటి ఉంది.

ఈ వ్యాసం రాయడానికి నాకు కలిగిన వీలు ఎక్కడిదో కూడా చెప్పాలి. పెద్దవారికి ఈ పరీక్షలు ఎక్కువగా ప్రైవేటు వైద్యుల దగ్గర, ఇంగ్లీషులో, డబ్బు పెట్టి, రెండు మూడు సార్లు తిరిగితే జరుగుతాయి. గేటెడ్ కమ్యూనిటీలో ఉండేవారికి అది సాధ్యం. మా గేటు బయట, పాత తెల్లాపూర్‌లో, మా కాపలాదారు తమ్ముడు ఉన్నాడు. యాభై దాటి ఉంటాడు. బస్సుల నంబర్లు, అవి ఊరి మీదుగా పోయే వేళలు తప్పు లేకుండా చెబుతాడు. ఇప్పుడు రాని పాత బస్సులవి కూడా. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే పది అడుగులు దూరం జరుగుతాడు. చిన్నప్పటినుంచీ పశువుల కాడ పనిచేశాడు. పొలాలు వెంచర్లయ్యాక పని లేదు. ఆయనది ఆటిజమో కాదో చెప్పే అర్హత నాకు లేదు. ధ్రువపత్రం కోసం వెళితే బాల్యం గురించి చెప్పవలసిన తల్లి చనిపోయి చాలాకాలమైంది. ఊళ్ళో అందరూ ఆయనను ఒక పేరుతో పిలుస్తారు, పిలిస్తే ఆయన పలుకుతాడు. పైన పాత పేర్లన్న భాగంలో నేను ఇచ్చిన పట్టికలో ఆ పేరు ఉంది.